రూబెన్స్ 'నీటిగుర్రం, మొసలి వేట' చిత్రం అంత గందరగోళంగా ఎందుకుంటుంది?

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మీరు ఒక ఆదివారం ఆల్టే పినకోథెక్ మ్యూజియానికి వెళ్ళి, పీటర్ పౌల్ రూబెన్స్ వేసిన 'నీటిగుర్రం, మొసలి వేట' ముందు చాలాసేపు నిలబడ్డారనీ, అయినా చిత్రంలో ఎవరు ఎవరిని పొడుస్తున్నారో, ఏ కాలు ఏ జంతువుదో తేలలేదనీ రాశారు. దానితోపాటు మూడు సంగతులు అడిగారు. ఇలాంటి వేట నిజంగా ఎక్కడైనా జరిగిందా? రూబెన్స్ నీటిగుర్రాన్ని కళ్ళతో చూశాడా? ఇంత పెద్ద చిత్రాన్ని ఆయన ఒక్కడే వేశాడా? చివర్లో, మీ పిల్లలను తీసుకువెళ్తే భయపడతారేమోనన్న అనుమానం కూడా వెలిబుచ్చారు. యూరప్ చిత్రకళను, ముఖ్యంగా పదిహేడో శతాబ్దపు ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రాలను విద్యార్థులకు బోధించడం చాలాకాలంగా నా వృత్తి. అందువల్ల మీ ప్రశ్నలకు కొంచెం వివరంగానే జవాబు చెబుతాను.

ముందుగా సూటి సమాధానం. అది జరిగిన వేట కాదు, కూర్చిన వేట. ఈ దృశ్యం వెనుక ఫలానా రోజున ఫలానా నది ఒడ్డున జరిగిన సంఘటన ఏదీ లేదు. మీకు గందరగోళంగా తోచినది చిత్రకారుడి చేయి తప్పడం వల్ల వచ్చినది కాదు. ప్రేక్షకుడికి మొదటి చూపులో ఊపిరి సలపనివ్వకుండా, రెండో చూపులో దారి దొరికేలా ఆయన ఎంతో లెక్కగా పన్నిన అల్లిక అది. బతికున్న నీటిగుర్రాన్ని రూబెన్స్ చూసే అవకాశమే లేదు. ఇక చిత్రాన్ని ఒక్కడే వేశాడా అన్నదానికి, ఆయన కాలపు పద్ధతి తెలియకుండా అవుననీ కాదనీ చెప్పడం న్యాయం కాదు కనుక, దాన్ని కాసేపు పక్కన పెడుతున్నాను.

ఈ చిత్రం 1615, 1616 ప్రాంతంలో తయారైంది. అప్పటికి రూబెన్స్‌కు నలభై ఏళ్ళు కూడా నిండలేదు. 1600 నుంచి 1608 వరకు ఇటలీలో ఉండి, మాంటువా ప్రభువు కొలువులో పనిచేసి, నేటి బెల్జియంలోని యాంట్‌వర్ప్‌కు తిరిగివచ్చి, అక్కడ పెద్ద చిత్రశాల నడుపుతున్న రోజులవి. బవేరియా ప్రభువు మొదటి మాక్సిమిలియన్ మ్యూనిక్ దగ్గరి ష్లైస్‌హైమ్ భవనం కోసం నాలుగు వేట చిత్రాలు వేయించుకున్నాడు. మీరు చూసినది వాటిలో ఒకటి. రెండోది సింహాల వేట, మూడోది పులి, సింహం, చిరుత కలిసిన వేట, నాలుగోది అడవిపంది వేట. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఫ్రెంచి సేనలు నాలుగింటినీ ఎత్తుకుపోగా, తిరిగి బవేరియా చేరినది ఈ ఒక్కటే. పులి వేట నేటికీ ఫ్రాన్స్‌లోని రెన్న్ నగర మ్యూజియంలో, పంది వేట మార్సెయ్ మ్యూజియంలో ఉన్నాయి. సింహాల వేట బోర్డో నగరానికి చేరి, 1870లో అక్కడి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నాలుగూ ఒకే చోట, అవి వేలాడవలసిన గోడల మీద ఉండి ఉంటే మీ సందేహంలో సగం దానంతటదే తీరేదని నా నమ్మకం. ఎందుకంటే అవి ఒక్కొక్కటిగా ఒక కథ చెప్పడానికి కాక, ఒక ప్రభువు ఇంటికి వచ్చిన అతిథిని నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టడానికి ఉద్దేశించినవి.

ప్రభువుల ఇళ్ళలో వేట దృశ్యాలు అంతకు ముందూ ఉండేవి. కానీ అవి ఎక్కువగా గోడలకు వేలాడదీసే నేత తెరలు. బ్రస్సెల్స్ నేతగాళ్ళు పదహారో శతాబ్దంలో నేసిన అలాంటి తెరల్లో కొన్ని ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో అడవి, ఆకాశం, పరివారం, వేటకుక్కలు, విందు అన్నీ తీరికగా పరచుకుని ఉంటాయి. రూబెన్స్ చేసిన కొత్త పని ఏమిటంటే, ఆ తీరికను మొత్తంగా తీసేసి, వేటలో ఒక్క క్షణాన్ని మాత్రం పట్టుకుని, మనుషులను, జంతువులను దాదాపు నిలువెత్తు పరిమాణంలో కాన్వాసు ముందు అంచుకు తోసేయడం. సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు, మూడు మీటర్లకు పైగా వెడల్పు ఉన్న ఈ చిత్రంలో నేల ఎంత తక్కువ కనిపిస్తుందో ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి. ఒక ఖర్జూర చెట్టు, కొంచెం నీరు, కొంచెం ఆకాశం ఉంటే ఈజిప్టు అయిపోయింది. మిగిలిన చోటంతా శరీరాలే.

ఇప్పుడు నీటిగుర్రం సంగతి. రోమన్ చక్రవర్తులు తమ క్రీడారంగాల్లో నీటిగుర్రాలను ప్రదర్శించేవారు. ఆ రోజులు పోయిన తరువాత యూరప్‌కు బతికున్న నీటిగుర్రం చేరింది 1850లోనే. లండన్ జంతుప్రదర్శనశాలకు వచ్చిన ఆ జంతువు పేరు ఒబైష్. కనుక రూబెన్స్ కాలంలో యాంట్‌వర్ప్‌లో గానీ రోమ్‌లో గానీ ప్రాణమున్న నీటిగుర్రం లేదు. అయితే ఇటలీకి చెందిన ఫెదెరికో జెరెంగి అనే శస్త్రవైద్యుడు 1600లో ఈజిప్టులోని దమియెట్టా దగ్గర రెండు నీటిగుర్రాలను గోతుల్లో పడేలా చేసి చంపించి, ఉప్పు పట్టించిన వాటి చర్మాలను ఇటలీకి తెచ్చాడు. 1603లో దాని గురించి పుస్తకం కూడా అచ్చువేశాడు. రూబెన్స్ ఇటలీలో ఉన్న కాలం సరిగ్గా అదే కావడంతో, ఆయన ఆ చర్మాలనో, వాటిని చూసి గీసిన బొమ్మలనో చూసి ఉంటాడని చాలామంది కళాచరిత్రకారుల ఊహ. ఊహే అయినా బలమైన ఊహ. ఎందుకంటే అంతకు ముందు అచ్చయిన చిత్రాల్లోని నీటిగుర్రాల పక్కన పెడితే, ఈ జంతువు తల, దవడ, మడతలు పడిన చర్మం, పొట్టి కాళ్ళ మీద మోపిన బరువు నమ్మదగినట్టు కనిపిస్తాయి. గడ్డి తిని బతికే ఈ జంతువుకు క్రూరమృగపు చూపు పెట్టడం మాత్రం పూర్తిగా రూబెన్స్ కల్పన. నీటిగుర్రం కాళ్ళ కింద మొసలి ఉండడం కూడా అంతే. నైలు నది అనగానే ఈ రెండు జంతువులూ యూరప్ చదువరుల మనసుల్లో జంటగా మెదిలేవి కనుక ఒకే చిత్రంలో రెండింటినీ ఇరికించాడు.

ఇదే ధోరణి రెన్న్‌లోని పులి వేటలో మరింత బాహాటంగా ఉంటుంది. పులి, సింహం, చిరుత మూడూ ఒకే గుంపుగా కలిసి గుర్రపు రౌతుల మీదకు దూకవు. ఈ మూడు జంతువులూ ఉన్న దేశం నుంచి వచ్చిన మనకు ఆ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చిత్రంలో ఒక మూల బరిమేనితో ఉన్న ఒక వీరుడు సింహం దవడలను రెండు చేతులతో చీలుస్తుంటాడు. అతడు వేటగాడు కాడు, గ్రీకు పురాణాల హెరాక్లీజ్. ఈ ఒక్క ఆకృతి చాలు, చిత్రకారుడు వేట గురించి వార్త రాయడం లేదని తెలుసుకోవడానికి. మీ చిత్రంలోని వేటగాళ్ళ తలపాగాలు, దుస్తులు కూడా అలాంటివే. రూబెన్స్ తుర్కీ, పర్షియా దుస్తులను ఒక పుస్తకంలో గీసి పెట్టుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈజిప్టు అప్పుడు ఒట్టోమన్ సామ్రాజ్యంలో భాగం కాబట్టి తలపాగాలు అసంగతమేమీ కాదు. కానీ అవి అక్కడ ఉన్నది భూగోళ పాఠం చెప్పడానికి కాదు, రంగు కోసం, గాలికి ఎగిరే బట్ట కోసం.

ఇక అసలు విషయానికి, అంటే గందరగోళానికి వస్తాను. తరగతిలో ఈ చిత్రం చెప్పేటప్పుడు నేను ముందు ఒక్క మాటా మాట్లాడను. చిత్రం ముద్రించిన కాగితం మీద పలుచని ట్రేసింగ్ కాగితం పెట్టి, ఆయుధాలను మాత్రమే గీయమంటాను. మనుషులు వద్దు, జంతువులు వద్దు, బల్లేలు, కత్తులు మాత్రమే. తరువాత గుర్రాల మెడలు, ముంగాళ్ళు ఏ వైపు వాలుతున్నాయో ఒక్కొక్క గీతతో చూపమంటాను. ఆ తరువాత నేల మీద పడి ఉన్న మనుషుల శరీరాలను ఒక్కొక్క గీతగా గీయిస్తాను. ఇంతవరకు చేసిన పిల్లలు కాగితం పైకెత్తి చూసుకుంటే, బండిచక్రం ఆకులు నడుమ ఇరుసు దగ్గర కలిసినట్టు, గీతలన్నీ నీటిగుర్రం తల చుట్టూ చేరతాయి. అంతదాకా 'ఇది చిందరవందరగా ఉంది' అన్నవాళ్ళే 'ఇంత కట్టుదిట్టమా' అంటారు.

కూర్పు ఇలా ఉంటుంది. పైభాగంలో ముగ్గురు గుర్రపు రౌతులు అర్ధచంద్రాకారంలో వంగి ఉంటారు. వాళ్ళ ఆయుధాలు పైనుంచి కిందికి, నడుమకు దిగుతాయి. మధ్యలో నీటిగుర్రం నోరు తెరిచి తల పైకెత్తుతుంది. దాని కాళ్ళ కింద మొసలి, మొసలి చుట్టూ వేటకుక్కలు. అన్నిటికన్నా కింద, మనకు అతి దగ్గరగా, నేలకూలిన మనుషులు. ఒకడు ఇంకా బాకు పట్టుకుని పెనుగులాడుతుంటాడు, మరొకడు ప్రాణం పోయినట్టు పడి ఉంటాడు. కాబట్టి చిత్రంలో రెండే కదలికలు ఉన్నాయి: పైనుంచి కిందికి దిగే మనుషుల కదలిక, కిందినుంచి పైకి ఎగదన్నే జంతువు కదలిక. ఆ రెండూ ఢీకొన్న చోటే నీటిగుర్రం తల. ఈ ఒక్క బిందువు పట్టుకుంటే మిగతా చిత్రం విడిపోతుంది. అక్కడి నుంచి ఒక్కొక్క బల్లెం వెంట వెనక్కి నడిస్తే ఒక్కొక్క రౌతు దొరుకుతాడు. కాలు ఎవరిదో తెలియనప్పుడు దాని వెంట తుంటి దాకా వెళ్ళాలే తప్ప, చుట్టూ చూడకూడదు.

ఈ ముడి వేయడం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? రెండు చోట్ల నుంచి. ఒకటి, రోమ్‌లో ఆయన శ్రద్ధగా పరిశీలించిన పాతకాలపు రాతి శవపేటికలు. వాటి పక్కల మీద సింహాల వేటలు చెక్కి ఉంటాయి. చోటు తక్కువ కాబట్టి గుర్రాలు, మనుషులు, మృగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉండడం ఆ శిల్పాల స్వభావం. రెండోది, లియొనార్డో డా విన్చీ ఫ్లోరెన్స్ నగర మందిరంలో మొదలుపెట్టి వదిలేసిన 'అంగియారి యుద్ధం'. ఒక జెండా కోసం గుర్రాలూ రౌతులూ ఒకే ముద్దగా కలబడిన ఆ దృశ్యం రూబెన్స్ పుట్టేనాటికే గోడ మీద లేదు. అయినా దాని ప్రతుల ద్వారా ఆయన దాన్ని గుండెకు హత్తుకున్నాడు. మరొకరు గీసిన ప్రతిని రూబెన్స్ తన చేత్తో దిద్ది, బలం పోసిన కాగితం ఇప్పటికీ లూవ్ర్‌లో ఉంది. అది చూసి వెంటనే మీ చిత్రం చూస్తే బంధుత్వం అడగకుండానే తెలుస్తుంది. తేడా ఏమిటంటే, లియొనార్డో గుర్రాలు గుర్రాలతో తలపడతాయి. రూబెన్స్ గుర్రాలు మాత్రం తమకు అర్థంకాని ఒక ఆకారాన్ని చూసి బెదిరి ముంగాళ్ళు ఎత్తేస్తాయి. ఆ బెదురు వల్లే రౌతుల స్థితి అంత ప్రమాదంగా ఉంటుంది.

మీరొక్కరే గందరగోళపడ్డారనుకోకండి. ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ దెలక్రువా 1847 జనవరిలో తన దినచర్యలో రూబెన్స్ వేటల ముద్రణలను పక్కపక్కన పెట్టి చర్చించాడు. సింహాల వేటలో వెలుగు చెదిరిపోయి, గీతలు తేలక, కన్ను ఎక్కడ ఆగాలో తెలియదని ఆయన ఫిర్యాదు. నీటిగుర్రం వికారమైన జంతువనీ, ఎంత బాగా వేసినా దానికి అందం రాదనీ అంటూనే, అందరూ ఒకే గుంపుగా కూడిన ఆ చిత్రం చూసిన ప్రతిసారీ మనసుకు కొత్తగా దెబ్బ తగులుతుందని ఒప్పుకున్నాడు. నాకు ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. తరువాత దెలక్రువా తానే సింహాల వేటలు వేశాడు. 1855 నాటి ఆయన పెద్ద సింహాల వేట కూడా బోర్డోకే చేరి, రూబెన్స్ చిత్రాన్ని మింగిన మంటల్లోనే తన పైభాగాన్ని పోగొట్టుకుంది.

ఇప్పుడు 'ఒక్కడే వేశాడా' అన్న ప్రశ్న. రూబెన్స్ చిత్రశాలలో పని విభజన ఉండేది, దాన్ని ఆయన దాచేవాడూ కాదు. ముందుగా చిన్న చెక్క పలక మీద గోధుమ రంగులో వేగంగా ఒక తైలవర్ణ స్కెచ్ వేసేవాడు. అలాంటి సింహాల వేట స్కెచ్ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. చాలా సందర్భాల్లో దాన్ని శిష్యులు పెద్ద కాన్వాసు మీదకు ఎక్కించేవారు, చివర్లో ఆయన దిద్దేవాడు. జంతువులకు ఫ్రాన్స్ స్నైడర్స్, ప్రకృతి దృశ్యాలకు యాన్ విల్డెన్స్ వంటి స్వతంత్ర చిత్రకారుల సాయం తీసుకునేవాడు. 1618లో ద హేగ్‌లో ఉన్న ఇంగ్లండ్ రాయబారి డడ్లీ కార్ల్‌టన్ దగ్గరి ప్రాచీన శిల్పాలకు బదులుగా తన చిత్రాలు ఇస్తానంటూ రాసిన ఉత్తరంలో ఏది ఎవరి చేతిదో విడివిడిగా చెప్పాడు. బైబిలు కథలోని, సింహాల మధ్య దానియేలు బొమ్మ పూర్తిగా తన చేతిదేననీ, సింహాలను చూసి వేశాననీ రాశాడు. గ్రీకు పురాణాల ప్రొమీథియస్ బొమ్మలో గద్ద స్నైడర్స్ వేసినదన్నాడు. మరో సింహాల వేట గురించి, బవేరియా ప్రభువుకు వేసిన చిత్రాన్ని అనుసరించి శిష్యుడు మొదలుపెట్టగా తాను అంతటా దిద్దానని, వెల 600 ఫ్లోరిన్లని చెప్పాడు.

ఆ ఉత్తరం మనకు రెండు విషయాలు చెబుతుంది. బవేరియా కోసం వేసిన చిత్రాలే మూలాలు, వాటిని చూసి చిత్రశాలలో మరికొన్ని తయారయ్యాయి. అలాగే, కొనేవాడికి 'చేతి' తేడా అప్పటికే ధరలో భాగం. మీరు చూసిన కాన్వాసులో ముఖాలు, గుర్రాల తలలు, నీటిగుర్రం చర్మం మీది తడి మెరుపు ఆయన చేతివేనని చెప్పడానికి నేను వెనుకాడను. వెనకటి నేలా ఆకాశమూ వేరొకరివని ఎవరైనా వాదిస్తే పోట్లాడను. చిత్రం బలం అక్కడ లేదు.

ఫోన్ తెరమీద ఈ చిత్రాన్ని అంచనా వేయకండి. ఇది ఎవరికైనా చెప్పే మొదటి జాగ్రత్త. 1621 సెప్టెంబరులో రాసిన ఒక ఉత్తరంలో రూబెన్స్, తనది చిన్న వింతవస్తువులకన్నా పెద్ద పనులకు తగిన స్వభావమని చెప్పుకున్నాడు. అదే ఉత్తరంలో, ఒక ఆంగ్ల ప్రభువు కోసం తాను వేస్తున్న సింహాల వేట గురించి ప్రస్తావిస్తూ, ఇలాంటి విషయాలకు అందమూ ఉద్ధృతీ చిన్న చిత్రంలో కన్నా పెద్దదానిలోనే ఎక్కువని ఒప్పుకున్నాడు. అరచేతి సైజులో చూసినప్పుడు మన కన్ను చిత్రం మొత్తాన్ని ఒకేసారి మింగాలని చూస్తుంది. అలా మింగడానికి ఇది వేసినది కాదు. నిలువెత్తు కాన్వాసు ముందు మాత్రం కన్ను నడవక తప్పదు.

ఆ 1621 నాటి సింహాల వేట కూడా మీ ఊళ్ళోనే, అదే మ్యూజియంలో ఉంది. ఈసారి రెండింటినీ వెంటవెంటనే చూడమని నా సలహా. సింహాల వేటలో ఒక సింహం గుర్రం వీపు మీదకు దూకి, తెల్లని దుస్తుల్లో ఉన్న రౌతును తలకిందులుగా లాగేస్తుంటుంది. అక్కడ ఢీకొనే బిందువు ఒక్కటి కాదు, దృష్టి రౌతుకూ సింహానికీ ఇతర వేటగాళ్ళకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. నీటిగుర్రం చిత్రంలో అన్ని దారులూ నడుమకు వస్తాయి. ఈ తేడాను నా విద్యార్థుల్లో కొందరు రూబెన్స్ ఎదుగుదలగా చెబుతారు, కొందరు పట్టు సడలడంగా చెబుతారు. నాకైతే మొదటి చిత్రమే ఎక్కువ ఇష్టం, కానీ రెండోదానిలో మీదపడే ప్రమాదం మరింత నిజంగా అనిపిస్తుందని కూడా చెప్పాలి.

దీని వెనుక మతపరమైన అర్థమేదైనా ఉందా అని కొందరు అడుగుతుంటారు. మాక్సిమిలియన్ జర్మన్ కాథలిక్ కూటమికి నాయకుడు కాబట్టి, మృగాల మీద గెలుపు అంటే మతద్రోహుల మీద గెలుపేనని వాదించవచ్చు. వేట యుద్ధానికి అభ్యాసమన్న మాట ఆనాటి రాజులందరికీ నచ్చినదే. కానీ విజయం ఎవరిదో తేలని చిత్రాన్ని విజయచిహ్నంగా చదవడం నాకు మింగుడుపడదు. ఇక్కడ వేటగాళ్ళే నేల మీద పడి ఉన్నారు, పైగా వాళ్ళు క్రైస్తవ వేషంలో కూడా లేరు.

చివరగా మీ పిల్లల సంగతి. ఆరేడేళ్ళ పిల్లల నుంచి కళాశాల విద్యార్థుల దాకా ఈ చిత్రం ముద్రణను చూపించాను. చిన్నపిల్లలు భయపడడం నేను పెద్దగా చూడలేదు. వాళ్ళ కన్ను ముందుగా కుక్కల మీద, తరువాత నీటిగుర్రం నోటి మీద పడుతుంది, నేల మీది మనుషులను చాలా ఆలస్యంగా గమనిస్తారు. గాయాలు చూసి కలతపడే స్వభావం మీ పిల్లలకు ఉంటే, ముందుగా ఇంట్లో ముద్రణ చూపించి తీసుకువెళ్ళండి. మ్యూజియంలో వాళ్ళను చిత్రానికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబెట్టి, మొత్తం ఎన్ని గుర్రపు కాళ్ళు కనిపిస్తున్నాయో, ఒక్కొక్కటి ఏ గుర్రానిదో చెప్పమనండి. పెద్దలకన్నా వాళ్ళే ముందు లెక్క తేలుస్తారు. ఆ లెక్కను సరిచూసే పనిలో మీకు కూడా చిత్రం విడిపోతుంది.